సత్తు

మా పక్క అల్యూమినియాన్ని సత్తు అంటారు.
సత్తు తపేలా, సత్తు బొచ్చె, సత్తు టిఫిన్ డబ్బా.
బలానికీ అదే మాట.
ముద్ద తింటేనే ఒంట్లోకి సత్తు వస్తాది అనేది మా జేజి,
సత్తు గిన్నెలో సంగటి గెలుకుతూ.
రెండర్థాలూ ఒకే కట్టెకు అంటుకోనుండేవి.

తిరుపతిలో, యూనివర్సిటీ జంతుశాలలో,
నాకు ఒక్క అర్థంతోనే పని.
మిల్లీగ్రాముల్లో తూచి, నీళ్ళలో కరిగించి,
కొసన బొడిపె ఉన్న సూదితో
ఎలుక నాలుక దాటించి కడుపులోకి వదలడం.
రోజూ ఏడింటికి. తొంభై రోజులు.

తెల్లెలుకలు. గుర్తుకోసం పిక్రిక్ ఆమ్లం పూస్తాం,
ఒకదానికి తలమీద, ఒకదానికి వీపుమీద, ఒకదానికి తోక మొదట.
అచ్చం పసుపు.
"పెండ్లికూతుర్లను చేస్తాండారే మేడమ్,"
చెంగల్రాయులు నవ్వుతాడు.
పంజరాల్లో పొట్టు మార్చేది ఆయనే, సీసాలు కడిగేది ఆయనే.
నా నోటుబుక్కులో నంబర్లున్నవాటికి
ఆయన దగ్గర పేర్లున్నాయి.
పదకొండో నంబరు దొరసాని.

అరవయ్యో రోజు నీళ్ళతొట్టి పరీక్ష.
పాలపొడి కలిపిన నీళ్ళు, అడుగున కనిపించని దిమ్మె.
ఎక్కడుందో నేర్చిన ఎలుక తిన్నగా ఈదిపోయి ఎక్కేస్తుంది.
మందు మొదలుపెట్టక ముందు దొరసానికి ఏడు సెకన్లు చాలేవి.
ఇప్పుడు గోడ పట్టుకుని తిరుగుతోంది,
తిరుగుతోంది,
దిమ్మె పక్కనుంచే పోతోంది,
సొంత వీధిలో నిలబడి సొంతిల్లు అడిగే మనిషిలాగా.
"ఆడనే తల్లీ, ఆడనే!"
మాట్లాడకండి, పరీక్ష చెడిపోతుంది అన్నాను.
యాభై ఎనిమిది. యాభై తొమ్మిది.
పద్ధతి ప్రకారం చేత్తో తీసి దిమ్మెమీద కూర్చోబెట్టాను.
మీసాల నీళ్ళు కారుతుంటే చుట్టూ చూసింది,
అర్ధరాత్రి రేణిగుంటలో రైలు మారాల్సిన వాళ్ళు చూసినట్టు.

ఆ మధ్యాహ్నం చెంగల్రాయులు డబ్బా మూత తీశాడు.
చింతపండు పులుసు. లోపలి అంచంతా
చీమలు కొరికినట్టు సన్నసన్నని గుంటలు.
"దీన్లో తింటే నాకూ అంతేనా?"

నాకు తెలిసింది చెప్పాలి.
పులుపూ ఉప్పూ వేడీ కలిస్తే లోహం కొంచెం ఊరుతుంది.
ఊరిందాంట్లో చాలామటుకు ఒంటికి పట్టనే పట్టదు,
పట్టిందాన్ని మూత్రపిండాలు బయటికి పంపుతాయి.
నేను ఎలుకకు పోసింది దానికి ఎన్నో రెట్లు.
ఎలుక మనిషి కాదు. ఒక్క మనిషి లెక్కలోకి రాడు.
ఇంత చెప్పినాక ఆయన అడిగాడు,
"అంటే?"
అంటే, పులుసు మటుకు మట్టిచట్టిలో చేయించండి అన్నాను.
"మట్టిచట్టి ఇప్పుడు దొరల సామాను మేడమ్.
మా ఇంట్లో రెండు పాత చీరలేస్తే సత్తు గిన్నె వచ్చె."
తిన్నాడు. వేళ్ళు నాకి, డబ్బా కడుక్కొచ్చాడు.

ఒక వరసకు మేం వట్టి నీళ్ళే పోశాం.
అవి కడదాకా దిమ్మెను మరవలేదు.
తొంభై ఒకటో రోజున వాటికీ అదే బల్ల, అదే కత్తెర.
పత్రాల్లో దాన్ని బలి అనే రాస్తాం,
ఏ దేవతకో రాయం.
గంగమ్మ జాతరలో వేషం కట్టే చెంగల్రాయులు
ఆ ఒక్క రోజు మాత్రం సెలవు చీటీ పెడతాడు.
కారణం దగ్గర "సొంత పని" అని ఉంటుంది.

దొరసాని మెదడు ఒక గ్రాము ఎనిమిది.
సత్తు రేకులో చుట్టకూడదు, లెక్క తప్పుతుంది.
ప్లాస్టిక్ గొట్టంలో వేసి, పదకొండు అని రాసి, గడ్డకట్టించాను.
ఎంజైము పడిపోయింది. గ్రాఫు బాగా వచ్చింది.
సారు భుజం తట్టారు.

మర్నాడు చెంగల్రాయులు వచ్చి
ఖాళీ పంజరాలన్నీ బ్లీచింగుతో కడిగాడు,
ఎండకు బోర్లించాడు, లోపలికి తెచ్చి వరసగా పేర్చాడు.
ఏమీ అడగలేదు.
పదకొండో పంజరం దగ్గర ఆగి
సీసా నిండా నీళ్ళు పట్టి, తగిలించి,
గొట్టం కొసన బొట్టు దిగేదాకా వేలితో తట్టాడు.

మరుపో, కాదో.
నేను అలవాటుకొద్దీ గడియారం చూసి
టైము రాసుకున్నాను.
ఏడూ పది.